ఇరవై అన్నాడా, అరవై అన్నాడా? ఇంటర్నెట్ ఫోన్‌కి కోడెక్ ఎలా ఎంచుకోవాలి

ఈ ఎపిసోడ్‌లో కోడెక్ గురించి మాట్లాడుకుందాం. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడేటప్పుడు మన గొంతును అంకెలుగా మార్చి పంపేది, అవతలి వైపు ఆ అంకెల్ని మళ్ళీ గొంతుగా మార్చేది కోడెక్. చాలామందికి దీని పేరు కూడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాదు. యాప్ తనే ఏదో ఒకటి ఎంచుకుంటుంది. కానీ ఒక సంఘానికో, ఆసుపత్రికో, చిన్న వ్యాపారానికో మీరే సొంతంగా ఫోన్ లైన్ పెట్టాల్సి వస్తే మాత్రం సెట్టింగ్స్‌లో ఒక లిస్టు కనిపిస్తుంది. జి.711, జి.729, జి.722, ఐఎల్‌బీసీ, ఓపస్. వీటిలో ఏది టిక్ చేయాలి? ప్రశ్న అంతే.

నా సంగతి కొత్తవాళ్ళకి ఒక్క మాటలో చెప్తాను. బీటెక్ చేశాను, కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను. మా అనంతపురం వైపు ఒక చిన్న రైతు సంఘం సలహా లైన్ పెట్టుకుంటుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. కేంద్రం నడిపే కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచీ ఉంది, 1800-180-1551 నంబరు. దానికీ దీనికీ పోలిక లేదు, ఇది మరీ చిన్నది. వ్యవసాయం చదువుకున్న నలుగురైదుగురు కుర్రాళ్ళు తలా ఒక ఊర్లో ఉంటారు. రైతు ఫోన్ చేస్తే వాళ్ళలో ఖాళీగా ఉన్నవాళ్ళు ల్యాప్‌టాప్ మీదో సెల్ మీదో ఎత్తుతారు.

అక్కడ వచ్చిన చిక్కు ఇది. రైతు అడుగుతాడు, "ట్యాంకుకి ఎంత కలపాలప్పా?" అని. మనవాడు చెప్తాడు, "ఇరవై ఎంఎల్ కలుపన్నా" అని. అవతల వినపడేది "...రవై ఎంఎల్". ఇరవయ్యా, అరవయ్యా? ఈ రెండు మాటలకీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. మిగతాదంతా ఒకటే. ఆ ఒక్క అచ్చు దారిలో పోయిందంటే మందు మూడింతలవుతుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. ఆ కాస్త పదునులో మొలిచిన శెనక్కాయ చేను మాడిపోతే మళ్ళీ విత్తడానికి వాన ఉండదు, చేతిలో డబ్బూ ఉండదు. అందుకే కోడెక్ అనేది ఇంజనీర్ల గోల అని వదిలేయడానికి లేదు.

సరే, మొదటి నుంచి వద్దాం. పాత ల్యాండ్‌లైన్ కాలంలోనే ఫోన్ గొంతును అంకెలుగా మార్చే పద్ధతి వచ్చింది. దాని పేరు జి.711. ప్రామాణికం అయింది 1972లో. సెకనుకి 8,000 సార్లు గొంతును కొలుస్తుంది. ఒక్కో కొలతకి 8 బిట్లు. గుణిస్తే సెకనుకి 64,000 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. ఇందులో రెండు రకాలున్నాయి. అమెరికా, జపాన్ వాడేది మ్యూ-లా. యూరప్, మన దేశం వాడేది ఎ-లా. మీ లిస్టులో "ఎ-లా" అని విడిగా కనిపిస్తే అది మనదే.

సెకనుకి 8,000 సార్లు కొలిస్తే అందులో సగం, అంటే 4,000 హెర్ట్జ్ వరకే శబ్దం పట్టుకోగలం. ఇది గణితం, దాన్ని దాటడానికి లేదు. ఫోన్ నెట్‌వర్క్‌లో నిజంగా పంపేది ఇంకా తక్కువ, సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా. అచ్చులకి ఇది చాలు. కానీ "స" పలికినప్పుడు వచ్చే గాలి శబ్దంలో ఎక్కువ బలం ఉండేది 4,000 హెర్ట్జ్ పైనే. అది కత్తిరించి పారేస్తాం కాబట్టి ఫోన్‌లో బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చెప్పేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా?" అని ప్రతివాడూ అడుగుతాడు. "ఎస్ ఫర్ శ్రీను" అని మనం చెప్తూనే ఉంటాం. తప్పు మన చెవిది కాదు, ఆ శబ్దం అసలు రాలేదు.

దీన్ని సరిచేయడానికి 1988లో జి.722 వచ్చింది. సెకనుకి 16,000 కొలతలు, 7,000 హెర్ట్జ్ దాకా శబ్దం, అదే 64 కిలోబిట్లు. ఆఫీసుల్లో "హెచ్‌డీ వాయిస్" అని రాసి ఉండే టేబుల్ ఫోన్లలో చాలావరకు ఇదే ఉంటుంది.

ఇప్పుడు రెండో దారి. 64 కిలోబిట్లు ఎక్కువ అనుకున్నప్పుడు ఏం చేయాలి? ఇక్కడ ఒక మంచి ఆలోచన ఉంది. ఊళ్ళో అమ్మ చేసిన రాగి సంగటి బెంగళూరులో ఉన్న కొడుక్కి పంపాలి. వండి పంపితే బరువు, దారి ఖర్చు. అదే కొలతలు ఫోన్‌లో చెప్తే వాడు అక్కడే వండుకుంటాడు. గొంతుకీ అంతే. శబ్దాన్ని మొత్తం పంపకుండా "గొంతు ఈ శ్రుతిలో మోగుతోంది, నోరు ఈ ఆకారంలో ఉంది" అన్న కొలతలు మాత్రం పంపిస్తే అవతలి ఫోన్ ఆ గొంతును మళ్ళీ తయారు చేస్తుంది. ఈ దారిలో పెద్ద అడుగు 1985లో పడింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మన దేశస్థుడు బిష్ణు అటల్, జర్మన్ శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి సెల్ప్ అనే పద్ధతిని ప్రకటించారు. సెల్ ఫోన్లలో వాడే ఏఎంఆర్, ఆఫీసు ఫోన్లలో వాడే జి.729 ఈ కుటుంబానివే. 1996లో వచ్చిన జి.729 ఎనిమిదే ఎనిమిది కిలోబిట్లతో పని కానిచ్చేస్తుంది. ఒకప్పుడు దీనికి పేటెంట్లు ఉండేవి, ఒక్కో లైన్‌కి డబ్బు కట్టాలి. 2017 జనవరి నుంచి ఆ గొడవ లేదు.

కానీ కొలతలు చెప్పి వండించుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. వంటవాడికి సంగటి ఒక్కటే వచ్చు. మనిషి గొంతు కాని శబ్దం ఏది వచ్చినా దాన్ని కూడా గొంతులాగే కొలిచి పంపుతాడు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, మా వైపు గాలి అలాంటిది. రైతు చేను గట్టు మీద నిలబడి మాట్లాడితే మైకులో గాలి, పక్కన బోరు మోటారు, వెనక ట్రాక్టరు. జి.729 మీద ఇవన్నీ కలిసి గొంతు బుడబుడమంటుంది. ఫోన్‌లో హోల్డ్ పాట విచిత్రంగా వినపడేది కూడా ఇందుకే.

ఇప్పుడు చాలామంది లెక్క తప్పే చోటుకి వద్దాం. 64తో పోలిస్తే 8 ఎనిమిదో వంతు కదా, డేటా ఎనిమిదో వంతే అవుతుంది అనుకుంటారు. అవదు. ఎందుకంటే ఇంటర్నెట్‌లో గొంతు ధారలాగా పోదు, ముక్కలు ముక్కలుగా, ప్యాకెట్లుగా పోతుంది. మామూలుగా ఒక్కో ప్యాకెట్‌లో 20 మిల్లీసెకన్ల గొంతు ఉంటుంది. అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్ మీదా చిరునామా, వరుస సంఖ్య వగైరా రాయాలి. ఐపీకి 20 బైట్లు, యూడీపీకి 8, ఆర్‌టీపీకి 12. మొత్తం 40 బైట్లు. లోపల ఏమున్నా సరే కవరు బరువు 40 బైట్లే.

లెక్క వేద్దాం. జి.711లో 20 మిల్లీసెకన్ల గొంతు 160 బైట్లు. కవరుతో 200. సెకనుకి 50 ప్యాకెట్లు కాబట్టి 80 కిలోబిట్లు. జి.729లో అదే గొంతు 20 బైట్లు. కవరుతో 60. అంటే 24 కిలోబిట్లు. చూశారా, ఉత్తరం కంటే కవరు రెండింతల బరువు. ఎనిమిదో వంతు అనుకున్నది మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. రెండు వైపులా కలిపి గంట మాట్లాడితే జి.711కి సుమారు 72 ఎంబీ, జి.729కి సుమారు 22 ఎంబీ. ఈ రోజుల్లో ఇంట్లో ఫైబర్ ఉంటే ఈ రెండిటికీ తేడా ఏమీ అనిపించదు. గుట్టల మధ్య ఊళ్ళో సెల్ డేటా మీద, సిగ్నల్ 2జీకి పడిపోయినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. అక్కడ పైకి పంపే వైపు 80 కిలోబిట్లు నిలకడగా దొరకవు.

అయితే కవరు బరువు తగ్గించడానికి ఒక తెలివి ఉంది కదా అంటారు. ఒక్కో ప్యాకెట్‌లో 20 బదులు 60 మిల్లీసెకన్ల గొంతు నింపితే కవర్లు మూడో వంతే అవుతాయి. నిజమే. డేటా మిగులుతుంది. కానీ మన "ఇరవై" గుర్తుందా? మాటల వేగంలో ఆ "ఇ" పలకడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లయితే ఆ అచ్చు మూడు నాలుగు ప్యాకెట్లలో పంచుకుని పోతుంది. ఒకటి పోయినా మిగతావి దాన్ని నిలబెడతాయి. అదే 60 మిల్లీసెకన్ల ప్యాకెట్ అయితే ఒక్కటి పోతే చాలు, అచ్చు దాదాపు మొత్తం పోతుంది. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టినట్టు. కాబట్టి నెట్‌వర్క్ బాగాలేని చోట ప్యాకెట్ పెద్దది చేయడం డేటాకి లాభం, అంకెలకి నష్టం.

ఇంకో దొంగ ఉన్నాడు. పేరు డీటీఎక్స్. మనిషి మాట్లాడనప్పుడు పంపడం ఆపేసి డేటా ఆదా చేసే సెట్టింగ్ ఇది. మళ్ళీ మాట మొదలైందని గుర్తుపట్టడానికి దానికి కొంచెం సమయం కావాలి. సన్నగా, మెల్లగా మొదలయ్యే మాటల్లో మొదటి అక్షరాన్ని కొరికేస్తుంది. రైతు "ఎంత?" అని అడుగుతాడు, మనవాడు ఒక్క క్షణం ఆలోచించి "ఇరవై" అంటాడు. ఆ మౌనం తర్వాత మొదటి అచ్చు పోయే ప్రమాదం ఎక్కువ. వెనకాల గాలి హోరు ఉంటే మౌనమేదో మాటేదో దానికీ తెలియదు. మా సంఘం లైన్లో దీన్ని ఆపేశాం. కొన్ని ఎంబీలు ఎక్కువైనా పర్వాలేదనుకున్నాం.

ప్యాకెట్ పోయినప్పుడు ఏ కోడెక్ ఎలా తట్టుకుంటుందో కూడా చూడాలి. జి.711లో ప్రతి కొలతా స్వతంత్రం. ఒక ప్యాకెట్ పోతే ఆ 20 మిల్లీసెకన్లే పోతాయి. జి.729 అలా కాదు, ముందు చెప్పిన కొలతల మీద ఆధారపడి తర్వాతివి చెప్తుంది. ఒకటి పోతే దాని ప్రభావం తర్వాతి వాటి మీద కూడా కాసేపు ఉంటుంది. ఈ బాధ పడలేకే 2004లో ఐఎల్‌బీసీ వచ్చింది. అందులో ప్రతి ప్యాకెట్ తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. సెకనుకి 13 నుంచి 15 కిలోబిట్లు. అప్పట్లో మంచి ఎంపికే.

ఇప్పుడు ఓపస్. 2012 సెప్టెంబర్‌లో ప్రామాణికం అయింది. ఇది రెండు నదుల కలయిక లాంటిది. స్కైప్ వాళ్ళు గొంతు కోసం చేసిన సిల్క్ ఒకటి, జిఫ్ అనే స్వచ్ఛంద సంస్థ పాటలక్కూడా పనికొచ్చేలా చేసిన సెల్ట్ ఇంకొకటి. సెల్ట్ లోపల ఉన్న గణితానికి మూలం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దాన్ని 1974లో ప్రచురించిన ముగ్గురిలో ఒకరు కామిశెట్టి రామమోహనరావు గారు, ప్రపంచానికి కె.ఆర్. రావు. టెక్సాస్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు, 2021లో కన్నుమూశారు. మిగతా ఇద్దరు నసీర్ అహ్మద్, టి. నటరాజన్. మీరు తీసే ప్రతి జేపెగ్ ఫోటోలోనూ వాళ్ళ పని ఉంది.

ఓపస్ 6 కిలోబిట్ల నుంచి 510 కిలోబిట్ల దాకా ఎక్కడైనా పనిచేస్తుంది. కాల్ మధ్యలో సిగ్నల్ పడిపోతే తగ్గుతుంది, పుంజుకుంటే పెరుగుతుంది. లైసెన్సు డబ్బు లేదు. బ్రౌజర్‌లో మాట్లాడే వెబ్‌ఆర్‌టీసీకి ఓపస్, జి.711 రెండూ తప్పనిసరి అని 2016లో నియమం పెట్టారు. వాట్సాప్ కాల్స్ కూడా చాలా ఏళ్ళు ఓపస్ మీదే నడిచాయి. కదిరి, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు ఇంటికి చేసిన కాల్స్‌లో ఎన్ని గంటలు దీని మీద నడిచి ఉంటాయో ఆలోచించండి.

మాకు దీనిలో నచ్చింది ఎఫ్‌ఈసీ. ప్రతి ప్యాకెట్‌లోనూ దానికి ముందు ప్యాకెట్ తాలూకు చిన్న నకలు ఒకటి పెడుతుంది. పెద్దవాళ్ళు డబ్బు లెక్కపెట్టేటప్పుడు వెనకటి అంకె కూడా గొణుక్కుంటూ పోతారు చూడండి, అలాగ. ముందుది పోయినా తర్వాతది వస్తే దానిలోని నకలుతో పూడ్చుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. ఒకటి, దీన్ని ఆన్ చేసి, ఎంత శాతం ప్యాకెట్లు పోతాయని ఊహిస్తున్నామో కూడా చెప్పాలి. సున్నా అని వదిలేస్తే నకలు పెట్టదు. రెండు, వరసగా మూడు నాలుగు పోతే ఒక్క నకలుతో పని జరగదు. 2024 మార్చిలో వచ్చిన ఓపస్ 1.5లో డ్రెడ్ అని కొత్త పద్ధతి ఉంది, సెకను దాకా వెనకటి గొంతును చాలా తక్కువ బిట్లలో మోసుకుపోగలదు. కానీ రెండు వైపులా ఆ కొత్త వెర్షన్ ఉంటేనే.

అదే వెర్షన్‌లో పోయిన ముక్కని న్యూరల్ నెట్‌వర్క్‌తో ఊహించి పూడ్చే పద్ధతి కూడా ఉంది. చెవికి హాయిగా ఉంటుంది. కానీ ఊహ ఊహే. చెడిపోయిన కాల్‌లో బరబర శబ్దం వస్తే రైతు "ఏమంటివి నా? మళ్ళా చెప్పు" అని అడుగుతాడు. నున్నగా అతికించిన చోట అడగడు, విన్నదే నిజమనుకుంటాడు. అంకెలు చెప్పే లైన్‌లో ఈ తేడా మర్చిపోకూడదు.

ఆలస్యం గురించి రెండు మాటలు. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట సాఫీగా సాగుతుంది. 400 దాటితే ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. ఓపస్ మామూలు సెట్టింగ్‌లో తనవంతుగా తీసుకునేది 26.5 మిల్లీసెకన్లు. మిగతాదంతా దారిలోనూ, ఒడిదుడుకులు సర్దే జిట్టర్ బఫర్‌లోనూ పోతుంది. బఫర్ పెంచితే మాట తెగదు కానీ ఆలస్యం పెరుగుతుంది. సలహా లైన్ కదా, వాదులాట కాదు. కాబట్టి మేము కొంచెం ఆలస్యాన్నే ఒప్పుకున్నాం.

మరి అన్నిటికీ ఓపస్ పెట్టేస్తే పోలేదా? ఆగండి. రైతు చేతిలో ఉన్నది మామూలు ఫోన్. అతని గొంతు సెల్ టవర్‌కి ఏఎంఆర్‌లో పోతుంది. అక్కడి నుంచి టెలిఫోన్ కంపెనీల మధ్య జి.711గా మారుతుంది. లైసెన్సు ఉన్న సంస్థ నుంచి మనం తీసుకున్న ఇంటర్నెట్ ఫోన్ లైన్ మన సర్వర్‌కి దాన్నే అందిస్తుంది. అప్పటికే 3,400 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోయింది. దాన్ని ఓపస్‌లో ఎంత గొప్పగా చుట్టినా పోయిన "స" తిరిగి రాదు. పైగా జి.729 లాంటి దానిలోకి మారిస్తే, ఏఎంఆర్ ఒకసారి నలిపిన గొంతును ఇంకోసారి నలిపినట్టు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. కోడెక్ మార్పులు ఎన్ని తక్కువైతే అంత మంచిది.

అందుకని మేము దారిని రెండుగా విడగొట్టి చూశాం. కంపెనీ నుంచి మన సర్వర్ దాకా ఎ-లా, అంటే జి.711. ఆఫీసులో ఫైబర్ ఉంది. తొలకరి పడిన రోజు ఒకేసారి 20 కాల్స్ వచ్చినా 20 ఇంటూ 80, అంటే ఒక్కో వైపుకి 1.6 మెగాబిట్లే. సర్వర్ నుంచి సెల్ డేటా మీద ఉన్న కుర్రాళ్ళ దాకా ఓపస్, 24 కిలోబిట్లు, 20 మిల్లీసెకన్ల ప్యాకెట్, ఎఫ్‌ఈసీ ఆన్, నష్టం అంచనా 10 శాతం, డీటీఎక్స్ ఆఫ్. కవరుతో కలిపి 40 కిలోబిట్లు. ఇక్కడ ఓపస్ పెట్టింది నాణ్యత పెరుగుతుందని కాదు, ఆ చివరి మైలులో ప్యాకెట్లు పోతాయని. కుర్రాళ్ళు తమలో తాము మాట్లాడుకునే కాల్స్‌లో మాత్రం రెండు చివర్లా ఓపసే కాబట్టి "స", "శ" కూడా స్పష్టంగా వస్తాయి. లిస్టులో మిగతావన్నీ తీసేశాం. ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు రెండు ఫోన్లు మాట్లాడుకుని వాటినే ఎంచుకుంటాయి.

మీరు కూడా ఇలాగే మీ దారి గీసుకోండి. రెండు చివర్లా యాప్ ఉంటే ఓపస్. ఒక చివర మామూలు ఫోన్, మంచి ఇంటర్నెట్ ఉంటే ఎ-లా. ఆఫీసు లోపలి టేబుల్ ఫోన్లకి జి.722. పాత పరికరం, చాలా సన్నని లైన్, వేరే గతి లేదు అనుకుంటే జి.729.

పెట్టాక పరీక్ష చేయండి. "హలో హలో, వినపడతాందా" అంటే సరిపోదు. ఒక కాగితం మీద ఇరవై, అరవై, యాభై, ఎనభై లాంటి అంకెలు, కదిరి ఆరు, కదిరి తొమ్మిది లాంటి విత్తనాల పేర్లు, ఎస్, ఎఫ్ కలిసిన నాలుగు కోడ్‌లు కలిపి ఓ యాభై రాసుకోండి. వరస మార్చి ఒకరు చదవాలి, అవతల ఇంకొకరు విన్నది రాయాలి. ఆఫీసులో కూర్చుని కాదు, సాయంత్రం పూట, సిగ్నల్ రెండు గీతలున్న చోట, గాలిలో నిలబడి. ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెట్టి, ఒక సెట్టింగ్ మార్చి మళ్ళీ చేయండి. ఒకేసారి రెండు మార్చితే దేని వల్ల బాగుపడిందో తెలియదు.

చివరగా, ఏ కోడెక్ పెట్టినా మా కుర్రాళ్ళకి ఒక నియమం పెట్టాం. మందు కొలత ఎప్పుడూ రెండు రకాలుగా చెప్పాలి. "ఇరవై ఎంఎల్ అన్నా, రెండు పక్కన సున్నా." తర్వాత రైతు చేత తిరిగి చెప్పించుకోవాలి. "రెండు" పోయినా "ఇరవై" ఉంటుంది, "ఇ" పోయినా "రెండు" ఉంటుంది. ఇది కూడా ఎఫ్‌ఈసీనే. దీనికి బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు, ఓ మూడు సెకన్ల ఓపిక చాలు.